జాడ పడని నేల

తెల్లవారి ఆరు గంటలకు నిత్యానందం కంచె చుట్టూ ఒకసారి తిరిగేవాడు. తుమ్మకంప ఎక్కడైనా పక్కకు జరిగి ఉంటే లాగి సరిచేసేవాడు. పదకొండు గుడిసెల ముందు నుంచి నడిచి, ఎవరి పొయ్యి రాజుకుందో, ఎవరిది ఇంకా రాజుకోలేదో చూసుకుని, చివరికి వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్కను మూడుసార్లు కొట్టేవాడు. అది ప్రార్థనకు పిలుపు. అతను తిరిగిన దారంతా ఎర్రదుమ్ము, వేలి మందాన. అందులో కోళ్ళు గీరిన గీతలుండేవి, మేకల గిట్టలుండేవి. అతని పాదాల గుర్తులు ఉండేవి కావు.

ఆ నేల మీద వాళ్ళెవరి పాదాల గుర్తులూ పడవు. వచ్చిన మొదటి రోజే ఆ సంగతి తెలిసింది. కరుణమ్మ వాగు నుంచి బిందె ఎత్తుకుని వస్తుంటే ఒలికిన నీటి చుక్కలు దుమ్ములో గుంటలు చేశాయి గాని ఆమె అడుగులు పడలేదు. బిందె దించి, వెనక్కి నడిచి చూసింది. ఎగిరి దూకి చూసింది. మొగుడు వరప్రసాదాన్ని పిలిచింది. అతను మడమ గట్టిగా తొక్కి, కాలు ఈడ్చి చూశాడు. దుమ్ము లేచి, మళ్ళీ నున్నగా సర్దుకుంది.

"కొత్త నేల గదా. అలవాటు పడాల," అన్నాడు.

"మంచిదే," అన్నాడు పక్క గుడిసె కృపావరం. "కోడిని ఎత్తుకపోయినా దొరకం."

ఆ మాట అంతటితో అయిపోయింది. కొత్త ఊళ్ళో నీళ్ళు చప్పగా ఉంటే ఎట్లా సర్దుకుంటారో అట్లాగే సర్దుకున్నారు. హద్దురాయి దాటి అర్ధవీడు బాట ఎక్కితే గుర్తులు మామూలుగానే పడేవి. ఒక సదుపాయం కూడా ఉంది. జాడ పడని కాలికి ముల్లు దిగదు. ఎండకు కాగిన రాయి చురుక్కుమనదు. చెప్పుల ఖర్చు తప్పింది. నిత్యానందానికి మాత్రం పెద్ద తేడా తెలియలేదు. రెండేండ్ల కిందట భార్య ఎలీషబా పోయినప్పటి నుంచి అతనికి ఏదీ పెద్దగా తగలడం లేదు. నొప్పి ఉన్నచోట వేలు పెట్టి చూసుకున్నట్టు అప్పుడప్పుడు ఆమె పేరు అనుకునేవాడు. ఏమీ అనిపించేది కాదు.

వాళ్ళు వచ్చింది 1973 జూన్‌లో. జిల్లా కూడా కొత్తదే. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి విడిపోయి మూడేండ్లు దాటింది. ప్రకాశం అని పేరు పెట్టి ఆరు నెలలయింది. ఏటిగడ్డపాలెం కూలీలు సహకార సంఘం పెట్టి, బంజరు ఇప్పించండని కర్నూలుకు అర్జీ పెడితే జవాబు ఒంగోలు నుంచి వచ్చింది. అర్ధవీడుకు పడమర ఆరు మైళ్ళలో, నల్లమల కొండ మొదట్లో ఇరవై ఏడున్నర ఎకరాలు. కుటుంబానికి రెండున్నర. మూడో ఏటి తనిఖీ నాటికి నేల ఎవరి అనుభవంలో ఉంటే వాళ్ళకు పట్టా.

సంఘానికి కార్యదర్శిగా రమ్మని కూలీలు నిత్యానందాన్ని అడిగారు. అతను వాళ్ళ ఊరివాడు కాదు, వాళ్ళ బంధువూ కాదు. కంభం పక్క నుంచి వచ్చి మిషన్ బడిలో ఇరవై ఆరేండ్లు సోషల్ చెప్పి రిటైరైన మనిషి. అర్జీలు రాయగలడు. వాళ్ళకు అంతకంటే అక్కర్లేదు. అతనికి మాత్రం ఇంకో లెక్క ఉంది. ఐరోపా నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు కొత్త దేశంలో వలసలు ఎట్లా స్థాపించారన్నది ఎనిమిదో తరగతిలో ఏటా డిసెంబరులో వచ్చే పాఠం. ఇరవై ఆరుసార్లు చెప్పాడు. ముందు కొందరు పోయి నేల చూసి రావాలి. దిగగానే కంచె వేయాలి. పాత ఊరి పేరుకు ముందు కొత్త అని చేర్చాలి. అక్కడ అంతకు ముందే ఉన్నవాళ్ళకు పూసలు, అద్దాలు ఇచ్చి మంచి చేసుకోవాలి. మొదటి చలికాలం కొందరు చచ్చిపోతారు, మిగిలినవాళ్ళు మొదటి పంట రాగానే దేవునికి కృతజ్ఞత చెల్లిస్తారు. పాఠం అక్కడ అయిపోతుంది. కింద ప్రశ్నలుంటాయి. ఊరు కట్టడం ఎట్లాగో తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల తానొక్కడేనని నిత్యానందం నిజంగానే నమ్మాడు.

పాఠం ప్రకారమే చేశాడు. ముందటేడు అక్టోబరులో వరప్రసాదాన్ని, కృపావరాన్ని నేల చూసి రమ్మన్నాడు. వాళ్ళు గంపెడు సీతాఫలాలతో తిరిగొచ్చి, నేల బాగుందన్నారు. బైబిలు వాక్యంలో ఉన్నట్టు చీట్లు వేసి భూమి నంబర్లు పంచాడు. పదకొండో నంబరు తనకు వచ్చింది. కంచె వేయించాడు. 'న్యూ ఏటిగడ్డపాలెం' అని రేకు మీద సున్నంతో రాసి కట్టించాడు. గొర్రెల కాపర్లు, అర్ధవీడు టీకొట్టువాళ్ళు దాన్ని సార్ కాలనీ అనేవాళ్ళు.

పూసలు, అద్దం కంభంలో దశరథరామయ్య శెట్టి దుకాణంలో కొన్నాడు. ఇవ్వడానికి అక్కడ ఉన్నది ఒక్క మనిషి. కొండ మొదట్లో ఒంటి గుడిసె వేసుకుని ఉండే చెంచు ముసలాయన, పెద్దయ్య. భార్య పోయింది. కొడుకులు అడవి లోపలి గూడెంలో ఉన్నారు. నిత్యానందం కాగితం పొట్లం విప్పి ఇచ్చినప్పుడు పెద్దయ్య అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అద్దం ఉంది నాయనా నాకాడ. కంభం సంతలో కొన్యా. నీది చిన్నది."

"ఉంచుకో. స్నేహానికి గుర్తు."

"పూసలు నేనెక్కడ ఏసుకునేది? మీ ఆడోళ్ళకు ఇయ్యి," అని పొట్లం తిరిగి కట్టి చేతిలో పెట్టాడు. "మీ కంప నా దోవకు అడ్డం పడింది. ఏం కాదులే. నేను తీసుకుని పోయి మళ్ళా పెడతా."

అన్నట్టే చేశాడు. రోజూ తన గుడిసె నుంచి వాగులో చెలమ దాకా పదకొండు నంబర్ల మీదుగా నడిచిపోయేవాడు. కంప తీసి, దాటి, మళ్ళీ పెట్టేవాడు. ఆయన పాదాల గుర్తులు మాత్రం ఆ నేల మీద లోతుగా పడేవి. అయిదు వేళ్ళూ విడివిడిగా.

మొదటి ఏడు పంట పోయింది. పొరపాటు వాళ్ళదే. ఆసాముల నల్లరేగడిలో బతుకంతా కూలి చేసినవాళ్ళు, ఎర్ర గరప నేలలో కూడా అదే అదునులో అదే విత్తనం వేశారు. మొలక వచ్చింది, మాడిపోయింది. పెద్దయ్య దోవన పోతూ పోతూ చూసి, "కొర్ర ఎయ్యండి. కందిలో కొర్ర. మొదటి వానకు తొందరపడొద్దు, రెండో వానకు," అన్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. వాళ్ళు ఆయన్ను ఏయ్ పెద్దయ్యా అనేవాళ్ళు. కృపావరం చెంచోడా అనేవాడు.

"అట్ల పిలవొద్దు," అని నిత్యానందం ఒకసారి అన్నాడు.

"ఏటిగడ్డపాలెంలో మనల్ని ఒరే అననోడు ఎవడు సార్? తాతను ఒరే, మనవణ్ణి ఒరే. ఇన్నాళ్ళకు మన కింద ఒకడు దొరికినాడు. కింద ఒకడు లేకుంటే అది కాలనీ ఎట్లయితది?"

"కింద నేల ఉంది గదన్నా. చాలదా?" అంది కరుణమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"అదింకా మనది కాలేదు గదమ్మా."

ఆ డిసెంబరులో తనిఖీకి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వెంకటరామయ్య వచ్చాడు. సన్నటి మనిషి. గొడుగు, చంకలో అడంగల్. ఏ నంబరులో ఏ పంట ఉంది, నేల ఎవరి అనుభవంలో ఉంది అని ఏటా రాసే పుస్తకం అది. అతను ఎవరి మాటా విని రాసే రకం కాదు. నేల మీద ఎవరి జాడ ఉందో వంగి చూసి రాస్తాడు. పదకొండు నంబర్లూ తిరిగి, "పంట లేదు, జాడ లేదు," అన్నాడు. "ఒక ముసలి కాలు తప్ప. నేనేం రాయాల?"

"మేము ఇక్కడే ఉన్నాం గదా సార్, మీ కళ్ళెదురుగా," అన్నాడు నిత్యానందం.

"ఉన్నారు. కాదనను. నేల అనాల గదా ఆ మాట. ఇంకా రెండేండ్లు గడువుంది, చూద్దాం," అని ఖాళీ గడుల మీద అడ్డగీత గీసి, నిమ్మకాయ నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

మార్చి వచ్చేసరికి గింజలు అయిపోయాయి. మగవాళ్ళు కంభం పక్క కూలికి పోయారు. ఒకరోజు మధ్యాహ్నం పెద్దయ్య భుజాన గోతం వేసుకుని వచ్చి, కరుణమ్మ గుడిసె ముందు నాలుగు గడ్డలు, దోసెడు ఇప్పపువ్వు పెట్టాడు. తిని చూడమనలేదు, ఇచ్చిపోయాడంతే. మర్నాడూ పెట్టాడు. మూడో రోజు ఆమె ఆ గడ్డలే ఉడకబెట్టి, ఉప్పు, మిరపకాయ నూరి, ఆయన లేచి పోతుంటే, "కూచో మామా, ఒక ముద్ద తిని పో," అంది. నోటికి అలవాటైన మాట, జారి వచ్చింది. వాళ్ళింట్లో పెద్దవాళ్ళను అట్లాగే పిలుస్తుంది.

పెద్దయ్య గోతం దించాడు. "పెట్టినాక తినకుంటే ఎట్ల కోడలా," అన్నాడు. ఆమె మొగుడి కంచంలోనే పెట్టింది.

మర్నాడు పొద్దున ఆమె గుడిసె నుంచి చెలమ దాకా అడుగులు పడి ఉన్నాయి. సన్నటి మడమలు, కుడికాలి చిటికెన వేలు కొంచెం పైకి. చెలమ దగ్గర పల్లేరుకాయ గుచ్చుకుని ఆమె అబ్బా అని కూచుంది. ఆ కాలనీలో ముల్లు గుచ్చుకున్న మొదటి మనిషి ఆమె. వరప్రసాదం సూది తెచ్చి ముల్లు తీశాడు. అడుగుల వంక చూశాడు. మేకకు ఆకు వేయడానికి పోయాడు. మిగతావాళ్ళూ చూశారు. నిత్యానందం కంచె చుట్టూ తిరుగుతూ ఆ అడుగుల పక్క నుంచి నడిచాడు. ఎందుకు పడ్డాయో అతనికి ఆ రోజే తెలుసు. చెప్పలేదు. పాఠంలో లేదు గనక చెప్పలేదో, మరెందుకో, అతనికే తెలియదు.

రెండో ఏడు కొర్ర వేశారు, రెండో వానకు. పండింది. వెంకటరామయ్య వచ్చి వరప్రసాదం నంబరులో కరుణమ్మ పేరు రాశాడు. మిగతా పదింటిలో మళ్ళీ అడ్డగీతలు.

"పంట ఉంది, పండించినోళ్ళ జాడ లేదు. పైవాళ్ళకు ఏమని చెప్పాల? వచ్చే ఏడే ఆఖరు. అప్పుడు ఎవరి జాడ ఉంటే వాళ్ళకు పట్టా. ఖాళీగా ఉన్నది సర్కారుకు పోతుంది."

వెనక్కి పోవడానికి ఏమీ మిగల్లేదు. ఏటిగడ్డపాలెంలో వాళ్ళ గుడిసెలున్న జాగాను ఆసామి అప్పటికే చదును చేయించి కళ్ళం వేసుకున్నాడు.

మూడో ఏడు. 1975. ఎమర్జెన్సీ పెట్టి ఆరు నెలలు. పేదలకు భూములు గబగబా ఇచ్చేయాలని, ఏ గడీ ఖాళీగా ఉండకూడదని పైనుంచి హుకుం. తనిఖీ డిసెంబరు ఇరవై రెండున అని పన్నెండు రోజుల ముందే కబురు వచ్చింది. ఆ ఆదివారం ప్రార్థన అయిపోయాక నిత్యానందం అందరినీ కూచోబెట్టాడు.

"కరుణమ్మకు జాడ ఎందుకు పడిందో మీకు తెలుసు," అన్నాడు.

కృపావరం అన్నాడు: "చెంచోడితో వరస కలపాలనా మీరు చెప్పేది?"

"నేను చెప్పడం లేదు. నేల చెప్తా ఉంది."

"వరస కలిస్తే ఆడితో ఆగుతుందా సార్? రేపు మా పిల్లని తన మనవడికి అడుగుతాడు. పంటలో పాలడుగుతాడు."

కరుణమ్మ నవ్వింది. "నీ పిల్ల నల్లగా ఉందని ఆయనే వద్దంటాడులే అన్నా. ఇంటెడు గడ్డలు తిన్యావు, ఆ ఆకలికాలంలో. నా గుడిసెలోంచి అడిగి అడిగి తీసుకపోయి తిన్యావు. అప్పుడు అవి చెంచోడి గడ్డలని తెలవదా?"

"తిండి ఏరు, వరస ఏరు."

"నీకు ఏరేమో. నాకు ముల్లు గుచ్చుకుంటా ఉంది."

కరుణమ్మ చిన్నాన్న పేతురు, అందరిలోకీ పెద్దవాడు, గొంతు సర్దుకున్నాడు. "నాకు అరవై ఏండ్లు. ఒక్క సెంటు భూమి మా నాయనకు లేదు, మా తాతకు లేదు. ఆయన్ను నాయనా అని పిలవమన్నా పిలుస్తా. లేవండి."

పెద్దయ్య గుడిసె ముందు కూచుని వెదురు చీలుస్తున్నాడు. పదిమంది మగవాళ్ళు, వెనక కరుణమ్మ, ముందు నిత్యానందం. సంగతి విని ఆయనేమీ ఆశ్చర్యపడలేదు. కత్తి పక్కన పెట్టి, వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టాడు.

"అడిగేదేముంది? కరుణమ్మ కోడలయినప్పుడే మీరంతా అయినారు. మీరు అనలేదు, నేను అనలేదు, అంతే. వరప్రసాదం నాకు కొడుకు. పేతురు కోడలికి చిన్నాన్న, అంటే నాకు బావ. ఏం బావా, ముసలోడివయినావు!"

"నీకంటే నయమే బావా," అన్నాడు పేతురు. అందరూ నవ్వారు. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కృపావరం మా వరప్రసాదం అక్కను చేసుకున్యాడు. అల్లుడు."

కృపావరం నోరు తెరిచాడు. దగ్గాడు.

"గొంతులో ఏమన్నా ఇరుక్కుందా అల్లుడా?"

"లేదు... మామా," అన్నాడు కృపావరం. అని, తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. డిసెంబరు చలిలో అతనికి చెమట పట్టింది.

అట్లా ఒక్కొక్కరే. ఒకరి నుంచి ఒకరికి దారం లాగినట్టు వచ్చింది. చివరికి నిత్యానందం మిగిలాడు. పెద్దయ్య చాలాసేపు ఆలోచించాడు.

"నువ్వు యాడా అందట్లేదు నాయనా. నీది ఈళ్ళ ఊరు కాదు. ఈళ్ళ పిల్లను చేసుకోలేదు. ఈళ్ళంతా నిన్ను సార్ అంటారు. సార్ అనేది ఏం వరస?"

"ఏ వరసా కాదు."

"నీ పెండ్లాం?"

"పోయింది. నాలుగేండ్లయింది."

"నాదీ పోయింది. పొద్దున లేస్తే పొయ్యి నువ్వే రాజేసుకుంటావు, నేనూ అంతే. ఇంకేం, తమ్ముడివి."

"అన్నా," అన్నాడు నిత్యానందం. బడిలో హాజరు పలికినట్టు వచ్చింది. పెద్దయ్య తల ఊపాడు. మోదుగాకుల్లో ఉడికించిన గడ్డలు పెట్టాడు. అందరూ తిన్నారు.

మర్నాడు పొద్దున నిత్యానందం కంచె చుట్టూ తిరిగి వచ్చి రైలుపట్టా కొట్టబోతూ కింద చూసుకున్నాడు. వచ్చిన దారంతా అడుగులు. చదునైన పాదాలు, లోపలి వంపు లేనివి. యాభై తొమ్మిదేండ్లలో తన పాదం ఎట్లా ఉంటుందో అతను సరిగా చూసుకోలేదు. గరప రాళ్ళు కాలికి తెలిశాయి. మధ్యాహ్నం ఎండకు మడమ కాలింది. నాలుగో రోజు రేగుముల్లు దిగి, తీసుకుంటూ కూచున్నప్పుడు ఎలీషబా సూదిని దీపం మీద కాల్చి ముల్లు తీసే పద్ధతి గుర్తొచ్చింది. ఆమె పళ్ళ మధ్య నాలుక పెట్టుకుని తీసేది. అతను ఆ ముల్లు తీయకుండా కాసేపు అట్లాగే కూచున్నాడు.

రోజూ సాయంత్రం పెద్దయ్య దోవన పోతూ, "తమ్ముడా, తిన్యావా?" అని కేకేసేవాడు. ఒకసారి వచ్చి మంచం మీద కూచున్నాడు. తనిఖీకి రెండు రోజుల ముందు, కొండ మీద తేనెకు పోతున్నానని, మూడు రోజుల్లో వస్తానని చెప్పి పోయాడు.

ఇరవై రెండో తారీకున వెంకటరామయ్య జీపులో వచ్చాడు. హద్దురాయి దగ్గర దిగి, నేల వంక చూసి, కళ్ళజోడు సవరించుకున్నాడు. ఎక్కడ చూసినా అడుగులే.

"ఇప్పుడు ఊరు మాదిరి ఉంది," అన్నాడు. పుస్తకం తెరవబోయి ఆగాడు. "కార్యదర్శిగారూ, ఈ ఒక్క జాడ అన్ని నంబర్లలోనూ ఉంది. వేళ్ళు విడివిడిగా. ఎవరిది?"

నిత్యానందం మాట్లాడేలోపే అతనే గొంతు తగ్గించాడు. "చూడండి, నేను మీ మేలు కోరి చెప్తున్నా. ఇది చెంచు మనిషిది, మీ సంబంధీకుడిది అన్నారంటే, నేను ఆ మాట రాయాల. రాస్తే ఫైలు ఫారెస్టుకు పోతుంది. ఈ నేల ముందునుంచీ ఆయన అనుభవంలో ఉందా అని వాళ్ళు అడుగుతారు. ఆరేండ్లు పడుతుందో, అరవయ్యో. ఎవరో దారిన పోయేవాడిదంటే దారి అని రాసి, ఇప్పుడే అందరి పేర్లూ ఎక్కించేస్తా. సాయంత్రానికి నేను ఒంగోలులో ఉండాల. చెప్పండి, ఈ మనిషి మీకేమవుతాడు?"

నిత్యానందం చుట్టూ చూశాడు. పేతురు కర్ర మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కృపావరం నేల చూస్తున్నాడు. కరుణమ్మ ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచింది. క్లాసులో అల్లరిని ఆపినట్టు నిత్యానందం చెయ్యెత్తాడు. ఆమె ఆగింది. పది కుటుంబాలు. లెక్క తేలికగానే ఉంది.

"మాకేమీ కాడు సార్," అన్నాడు. "దారిన పోయే మనిషి."

వెంకటరామయ్య తల ఊపి పని మొదలుపెట్టాడు. ఒక్కో నంబరులో ఒక్కో మనిషి కంది సాళ్ళ మధ్య ఇరవై అడుగులు నడిచాడు. వెనకే అతను వంగి చూసి, పేరు రాసి, వేలిముద్ర వేయించాడు. కృపావరం ఇరవై చాలన్నా వినకుండా నలభై నడిచాడు. పదో నంబరు అయ్యేసరికి పన్నెండయింది.

పదకొండో నంబరులో నిత్యానందం నడిచాడు. ఇరవై అడుగులు. ఆగి వెనక్కి చూశాడు.

దుమ్ము నున్నగా ఉంది.

"మళ్ళీ నడవండి," అన్నాడు వెంకటరామయ్య.

మళ్ళీ నడిచాడు. కోసిన కొర్ర దుబ్బుల మీద కాలు పడింది. గుచ్చుకోలేదు. నడుస్తుండగానే అతనికి సంగతి తెలిసింది. ఎక్కడా ఏమీ కలుక్కుమనలేదు. పొద్దున కంచె చుట్టూ పడిన అడుగుల కోసం చూశాడు. అవీ లేవు. మిగతా పదిమందివీ ఉన్నాయి. నోటితో ఆ మాట అన్నది అతనొక్కడే.

పేతురు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు, చావింట్లో నిలబడ్డట్టు.

"ఈ నంబరులో ఒకటే జాడ ఉంది," అన్నాడు వెంకటరామయ్య, వాగు దిక్కుకు పోయే పాత అడుగులు చూపించి. "గడి ఖాళీ పెట్టే వీల్లేదు ఈసారి. పెడితే నా ఉద్యోగం పోతుంది. రెండున్నర ఎకరాల కోసం ఫైలు ఫారెస్టుకు కదిలించే ఓపిక నాకూ లేదు, వాళ్ళకూ లేదు. నేల మీద ఉన్నదే రాస్తా." కలం మూత తీశాడు. "ఆ దారిన పోయే మనిషి పేరేంది?"

"పెద్దయ్య," అన్నాడు నిత్యానందం.

"తండ్రి?"

అతనికి తెలియదు. అన్నా అని పిలిచిన ఎనిమిది రోజుల్లో అడగలేదు.

"గురవయ్య," అంది కరుణమ్మ.

వెంకటరామయ్య రాసి, ఊది, పుస్తకం మూశాడు. జీపు పోయాక జనం ఎవరి నంబరుకు వాళ్ళు పోయారు. కరుణమ్మ ఒక్కతే ఉండిపోయింది.

"నేను చెప్పేదాన్ని సార్. మీరు చెయ్యెత్తినారు."

"నువ్వు చెప్పుంటే మీ భూమి పోయేది."

"పోయేదే," అంది. "అన్నం తెచ్చిస్తా, తినండి."

మర్నాడు మధ్యాహ్నం పెద్దయ్య కొండ దిగి వచ్చాడు. కాలనీలో ఎవరి గుడిసె ముందూ ఆగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నగా పదకొండో నంబరుకు వచ్చి, మంచం దాకా రాకుండా, చూరు కింద నిలబడ్డాడు. తేనె ముంత గడప పక్కన పెట్టాడు. ముఖంలో కోపం లేదు. అలసట ఉంది, కొండ దిగిన అలసట.

"సార్," అన్నాడు.

నిత్యానందం లేచి నిలబడ్డాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

"ఈ నంబరు నీ పేరు మీద రాసినారు," అన్నాడు నిత్యానందం. "కాగితం ఒంగోలు నుంచి వస్తుంది."

"నా పేరు మీదనా?" పెద్దయ్య చేను వంక చూశాడు. కంది కాయ ఎండి గలగలమంటోంది. "ఇంకో వారం చూస్తే కాయ పగిలిపోతుంది సార్. ఎవరు కొయ్యాల?"

నిత్యానందం భుజం మీది తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నడుము కొంచెం వంగింది.

"తమరు ఎట్ల చెప్తే అట్ల," అన్నాడు.

వాళ్ళ నాయన కంభం దగ్గర ఆసాముల వాకిట్లో నలభై ఏండ్లు నిలబడి అన్న మాట అది. బడిలో ఉద్యోగం వచ్చిన రోజున, ఇక ఆ మాట అనాల్సిన పని లేదని నాయన ఏడ్చాడు. ఇప్పుడు అది ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది. నిత్యానందం దాన్ని గమనించాడు. ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాడు.

పెద్దయ్యతో ఎవరూ ఎన్నడూ అట్లా అనలేదు. ఆయన చూరులో దోపి ఉన్న కొడవలి తీసి, బొటనవేలితో పదును చూసి, చేలోకి నడిచాడు. కాస్త ఎడంగా నిత్యానందం వెంట నడిచాడు.